హెచ్-4 మీద ఉన్న మన ఆడవాళ్ళు, ఫ్యాక్టరీ డ్రాయింగులు: సాఫ్ట్‌వేర్ ఒక్కటి నేర్చుకుంటే సరిపోతుందా?

2025 అక్టోబర్ 14న మన ఇళ్ళకి సంబంధించిన వార్తలు రెండు ఒకే రోజు వచ్చాయి. హెచ్-4 ఈఏడీని కొట్టేయమంటూ ఏళ్ళ తరబడి నడిచిన కేసును వినడానికి అమెరికా సుప్రీంకోర్టు నిరాకరించింది. అదే రోజు విశాఖపట్నంలో ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్ కడతామని గూగుల్ ప్రకటించింది. మన వాట్సాప్ గ్రూపుల్లో మొదటి వార్తకి దండాలు, లడ్డూల బొమ్మలు నడిచాయి. రెండోదానికి మామూలుగానే ఏ పార్టీ తెచ్చిందనే తగువు నడిచింది.

సుమారు రెండు వారాలకి మూడో వార్త వచ్చింది. అక్టోబర్ 30 నుంచి పెట్టే ఈఏడీ రెన్యువల్ దరఖాస్తులకి, అంతవరకూ ఉన్న 540 రోజుల ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు. అంటే హక్కు మిగిలింది, కానీ పాత కార్డు గడువు ముగిసే రోజుకి కొత్త కార్డు చేతికి రాకపోతే మర్నాటి నుంచి పని మానెయ్యాలి. 2015 మే 26 నుంచి అమల్లో ఉన్న ఈ ఈఏడీని నమ్ముకుని ఇల్లు కొనుక్కున్నవాళ్ళు, పిల్లల్ని డేకేర్‌లో వేసినవాళ్ళు మనలో ఎంతమంది ఉన్నారో నేను చెప్పక్కర్లేదు.

ఇలాంటి పరిస్థితిలో ఏం నేర్చుకోవాలి అన్న ప్రశ్న ఉత్త కాలక్షేపం ప్రశ్న కాదు. కార్డు ఉన్నా లేకపోయినా చేతిలో మిగిలేది, రేపు ఇండియా వెళ్ళాల్సి వచ్చినా పనికొచ్చేది ఏదైనా ఉందా అన్నదే ప్రశ్న. నేను బీఎస్సీలో మ్యాథ్స్, ఫిజిక్స్, ఎలక్ట్రానిక్స్ చదివాను. పెళ్ళై ఇక్కడికి వచ్చాక టెస్టింగ్, స్క్రమ్, ఇంకేదో క్లౌడ్ కోర్సు అంటూ అందరూ చెప్పిన దారులు విన్నాను. ఏడాదిన్నర నుంచి మాత్రం పిల్లలు స్కూల్లో ఉన్న వేళ కూర్చుని ఫ్యాక్టరీ యంత్రాల కంట్రోల్ డ్రాయింగులు గీయడం నేర్చుకుంటున్నాను. ఈ దారిలో ఉన్న అవకాశమేమిటో, మోసమేమిటో మన ఆడవాళ్ళకి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

పొలంలో స్టార్టర్ డబ్బా గుర్తుందా?

ఇండస్ట్రియల్ కంట్రోల్ ప్యానెల్ అంటే కొత్త వస్తువేమీ కాదు. మన ఊళ్ళో బోరు దగ్గర ఇనప డబ్బా, దానిమీద ఆకుపచ్చ బటన్, ఎర్ర బటన్ చూడని తెలుగువాళ్ళు తక్కువ. ఆకుపచ్చది నొక్కి వదిలేస్తే మోటారు తిరుగుతూనే ఉంటుంది. ఎర్రది నొక్కితే ఆగుతుంది. వేలు తీసేసినా మోటారు ఎందుకు తిరుగుతోంది? లోపల కాంటాక్టర్ పడగానే దాని పక్కనున్న చిన్న కాంటాక్ట్ కూడా మూసుకుని, స్టార్ట్ బటన్ చేసే పని తనే చేస్తుంది. దీన్నే హోల్డింగ్ కాంటాక్ట్ అంటారు. కరెంటు పోతే కాంటాక్టర్ వదిలేస్తుంది, హోల్డింగ్ తెగిపోతుంది. కరెంటు తిరిగొచ్చినా ఎవరో ఒకరు వచ్చి బటన్ నొక్కేదాకా మోటారు తిరగదు.

దానికి మనవాళ్ళు ఆటో స్టార్టర్ పెట్టుకున్నారు. రాత్రి రెండింటికి కరెంటొస్తే రైతు లేచి వెళ్ళక్కర్లేకుండా మోటారు దానంతటదే తిరుగుతుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఇవ్వబోయే ముందు, ఈ ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతుల్ని కోరింది. 24 గంటలూ కరెంటుంటే అవి నీళ్ళని 24 గంటలూ తోడేస్తాయన్నది భయం. డబ్బాలో ఒక చిన్న మార్పు ఊరి భూగర్భ జలాల దాకా పోయింది. కంట్రోల్ సర్క్యూట్ అంటే ఇదే. ఏది ఎప్పుడు తిరగాలి, ఎప్పుడు ఆగాలి, కరెంటు పోయి వస్తే ఏం జరగాలి అని ముందే కాగితం మీద తేల్చడం.

ఫ్యాక్టరీలో ఆ డబ్బా బీరువా అంత ఉంటుంది. ఒక మోటారు బదులు ముప్ఫై మోటార్లు, సెన్సర్లు, వాల్వులు, మధ్యలో పీఎల్‌సీ అనే చిన్న కంప్యూటర్, వందల వైర్లు. ఆ వైర్లలో ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పేదే ఆ డ్రాయింగ్. ప్యానెల్ కట్టేవాడు దాన్ని చూసే కడతాడు. పదేళ్ళ తర్వాత అర్ధరాత్రి లైన్ ఆగిపోతే, రిపేరుకొచ్చిన ఎలక్ట్రీషియన్ దాన్ని చూసే వెతుకుతాడు.

గిరాకీ నిజమేనా?

2022 ఆగస్టులో చిప్స్ చట్టం వచ్చాక ఫీనిక్స్‌లో టీఎస్ఎంసీ, మా టెక్సస్‌లో టేలర్ దగ్గర సామ్‌సంగ్ ఫ్యాక్టరీల పనులు ముమ్మరమయ్యాయి. ఆబిలీన్‌లో పెద్ద డేటా సెంటర్ల సముదాయం కడుతున్నారు. డేటా సెంటరంటే మనకి సర్వర్లే గుర్తొస్తాయి కానీ, వాటిని చల్లగా ఉంచే పంపులు, ఫ్యాన్లు, చిల్లర్లు, కరెంటు పోతే అందుకునే జనరేటర్లు అన్నిటికీ ప్యానెళ్ళు కావాలి. అన్నిటికీ డ్రాయింగులు కావాలి.

యంత్రాలు బిగించి నడిపించే మనుషుల కొరత ఎంతుందో 2025 సెప్టెంబర్ 4న జార్జియాలో జరిగింది చూస్తే తెలుస్తుంది. ఎల్లబెల్ దగ్గర హ్యుందాయ్, ఎల్‌జీ కలిసి కడుతున్న బ్యాటరీ ఫ్యాక్టరీ మీద ఇమ్మిగ్రేషన్ అధికారులు దాడి చేసి 475 మందిని పట్టుకున్నారు. అందులో 300 మందికి పైగా దక్షిణ కొరియావాళ్ళు, చాలామంది ఆ ఫ్యాక్టరీని నిలబెట్టే పనికి వచ్చినవాళ్ళే. విదేశీ నిపుణులు వచ్చి అమెరికన్లకి నేర్పాలని ఆ తర్వాత ట్రంప్ గారే అన్నారు. ఈ సంఘటనలో మనకి పాఠాలు రెండున్నాయి. ఆ పని తెలిసినవాళ్ళు ఇక్కడ తక్కువ. పని ఎంత బాగా తెలిసినా, కాగితాలు సరిగ్గా లేకపోతే ఆ తెలివి ఎవర్నీ కాపాడదు.

సాఫ్ట్‌వేర్ చేసే పని

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. మామూలు ఆటోకాడ్‌లో గీత గీస్తే అది ఉత్త గీతే. ఆటోకాడ్ ఎలక్ట్రికల్, ఈప్లాన్, సాలిడ్‌వర్క్స్ ఎలక్ట్రికల్ లాంటి వాటిలో గీత గీస్తే అది వైరు. దానికో నంబరుంటుంది, ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో సాఫ్ట్‌వేర్‌కి తెలుసు. నాలుగో పేజీలో ఒక రిలే కాయిల్ పెట్టి, తొమ్మిదో పేజీలో దాని కాంటాక్ట్ పెడితే, రెండింటినీ తల్లీపిల్లల్లా కలిపి, కాయిల్ పక్కన కాంటాక్ట్ ఏ పేజీలో ఉందో, కాంటాక్ట్ పక్కన కాయిల్ ఏ పేజీలో ఉందో రాస్తుంది. మీరు కేటలాగ్‌లో ఎంచుకున్న కాంటాక్టర్‌కి ఒక్కటే అదనపు కాంటాక్ట్ ఉండి, మీరు రెండు వాడితే హెచ్చరిస్తుంది. చివర్లో కొనాల్సిన సామాన్ల జాబితా, టెర్మినల్ పట్టిక, ఏ వైరు ఎక్కడి నుంచి ఎక్కడికి అన్న లిస్టు తనే తీసిస్తుంది.

ఇవన్నీ మూడు, నాలుగు నెలలు రోజుకి రెండు గంటలు కూర్చుంటే వచ్చేస్తాయి. ఎక్సెల్ తెలిసి, ఓపికుంటే చాలు. అందుకే కోర్సులు అమ్మేవాళ్ళు ఈ భాగాన్నే అమ్ముతారు. అసలు విషయం దీని తర్వాత ఉంది.

సాఫ్ట్‌వేర్‌కి తెలియని పని

స్టాప్ బటన్‌లో కాంటాక్ట్ ఎప్పుడూ మూసి ఉన్నది వాడతారు, అంటే నార్మల్లీ క్లోజ్డ్. నొక్కితే తెరుచుకుని సర్క్యూట్ తెగుతుంది. దాని బదులు నార్మల్లీ ఓపెన్ బటన్ తెచ్చి పీఎల్‌సీ ఇన్‌పుట్‌కి కలిపి, నొక్కినప్పుడు మోటారు ఆపమని ప్రోగ్రామ్ రాశారనుకోండి. అదీ పనిచేస్తుంది. టెస్టింగ్ రోజు అందరూ నొక్కి చూస్తారు, మోటారు ఆగుతుంది. ఆరు నెలల తర్వాత ఎలకో, కదిలీ కదిలీ అలిసిపోయిన స్క్రూనో ఆ వైరుని తెంపుతుంది. ఎవరికీ తెలియదు, ఎందుకంటే మోటారు మామూలుగానే తిరుగుతోంది. ఒకరోజు ఎవరి చెయ్యో ఇరుక్కుంటుంది. బటన్ నొక్కుతారు, మోటారు ఆగదు. మూసి ఉండే కాంటాక్ట్ వాడి ఉంటే, వైరు తెగిన క్షణమే మోటారు ఆగిపోయి ఉండేది.

ఆ డ్రాయింగ్ గీసేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వదు. వైరు నంబర్లన్నీ సరిగ్గా ఉంటాయి, పట్టికలన్నీ సరిపోతాయి, ప్రింటు ముచ్చటగా వస్తుంది. ఇప్పుడు ఏఐ వచ్చింది కదా, ఈ పనీ అదే చేసేస్తుందంటున్నారు. నంబర్లు వేయడం, పట్టికలు తీయడం అదే చేస్తుంది, చేయనివ్వండి. వైరు తెగితే ఏమవుతుంది, కరెంటు పోయి వస్తే ఏమవుతుంది అని ఒక్కో గీత దగ్గరా ఆగి అడుక్కునే మనిషి మాత్రం కావాలి. ఆ డ్రాయింగ్ కింద ఎవరో ఒకరు పేరు పెట్టాలి కాబట్టి.

ఆమధ్య ఒక చిన్న ప్యానెల్ షాపు యజమాని నన్ను ఇంటర్వ్యూకి పిలిచారు. ఏ సాఫ్ట్‌వేర్ వచ్చు, ఎన్ని కోర్సులు చేశావు అని ఒక్క మాట అడగలేదు. మరకలు పడ్డ పాత డ్రాయింగ్ ఒకటి ముందు పెట్టి, ఈ కన్వేయర్ స్టార్ట్ కావట్లేదు, మీటరు పట్టుకుని ముందు ఎక్కడ చూస్తావు అన్నారు. ఓవర్‌లోడ్ రిలేలో 95, 96 మధ్య చూస్తానన్నాను. ఓవర్‌లోడ్ ట్రిప్ అయితే తెరుచుకునే కాంటాక్ట్ అదే. తర్వాత అరగంట ఆ ఒక్క కాగితం మీదే మాట్లాడుకున్నాం. అవతల మనిషి కొలిచేది దేన్నో నాకు ఆ అరగంటలో అర్థమైంది.

ఆ నంబర్లు ఎక్కడైనా అవే

ఈ చదువులో నాకు నచ్చిన సంగతి ఇది. కాంటాక్టర్ మీద ఏ1, ఏ2 అంటే కాయిల్. 13, 14 అంటే నార్మల్లీ ఓపెన్. 21, 22 అంటే నార్మల్లీ క్లోజ్డ్. టెక్సస్‌లో కొన్నా, బాలానగర్‌లో కొన్నా ఐఈసీ పద్ధతి కాంటాక్టర్‌కి అవే నంబర్లు. ఇవి వచ్చినవాళ్ళకి ఇక్కడి ప్యానెలూ అర్థమవుతుంది, పెనుకొండలో కియా ఫ్యాక్టరీ దగ్గర ప్యానెలూ అర్థమవుతుంది.

తేడాలూ ఉన్నాయి, అవి తెలియాలి. ఇక్కడ ఫ్యాక్టరీ మోటార్లకి సాధారణంగా 480 వోల్టులు, 60 హెర్ట్జ్. మనదగ్గర 415 వోల్టులు, 50 హెర్ట్జ్. ఇక్కడి పాతకాలపు డ్రాయింగ్ నిచ్చెనలా ఉంటుంది, రెండు నిలువు గీతలు, మధ్యలో మెట్లు, ఎడమపక్క వరుస నంబర్లు. ఇండియాలో, యూరప్‌లో ఐఈసీ గుర్తులు, పేర్లు వేరు. ఇక్కడ యంత్రాల వైరింగ్‌కి ఎన్‌ఎఫ్‌పీఏ 79, ప్యానెల్ కట్టడానికి యూఎల్ 508ఏ చూస్తారు. అక్కడ ఆ స్థానంలో ఐఈసీ 60204-1, 61439 ఉంటాయి. రంగులు మాత్రం చాలావరకు కలుస్తాయి: పవర్‌కి నలుపు, ఏసీ కంట్రోల్‌కి ఎరుపు, డీసీ కంట్రోల్‌కి నీలం. మెయిన్ స్విచ్ ఆపేసినా కరెంటు ఉండిపోయే వైరుకి నారింజ రంగు. ఆ నారింజ రంగు ఎందుకో ఒక్కసారి అర్థమైతే, ఈ పుస్తకాలు ఉత్త నియమాలు కావని, ఎవరి ప్రాణమో పోకుండా రాసినవని తెలుస్తుంది.

విశాఖలో డేటా సెంటరొచ్చినా, శ్రీసిటీలో కొత్త ఫ్యాక్టరీలొచ్చినా అక్కడా ఈ డ్రాయింగులే కావాలి. వీసా రాత ఎటు తిరిగినా ఈ చదువు సూట్‌కేసులో పడుతుంది.

ఇంట్లో కూర్చుని ఎలా మొదలెట్టాలి

ముందు కాగితం, పెన్సిలు. బోరు మోటారు స్టార్టర్ సర్క్యూట్ చూడకుండా గీయగలగాలి. తర్వాత రెండు పంపులు, ఒకటి తిరుగుతుంటే రెండోది తిరక్కూడదు. తర్వాత మోటారు ముందుకీ వెనక్కీ తిరగాలి, రెండూ ఒకేసారి పడకూడదు. ఆ తర్వాత స్టార్-డెల్టా. ఒక్కోటి గీశాక ప్రతి వైరునీ మనసులో తెంపి, ఏమవుతుందో పక్కన తెలుగులోనే రాసుకోండి. నా నోటుపుస్తకం సగం ఇలాంటి రాతలే.

తర్వాతే సాఫ్ట్‌వేర్. క్యూఎలెక్ట్రోటెక్ అని ఉచితంగా దొరికేదుంది, మొదటి మూడు నెలలకి అది చాలు. ఆటోకాడ్ చందా ఏడాదికి సుమారు రెండు వేల డాలర్లు, ఎలక్ట్రికల్ టూల్‌సెట్ అందులోనే వస్తుంది. అంత పెట్టక్కర్లేదు. హెచ్-4 మీద ఉన్నవాళ్ళు ఈఏడీ లేకపోయినా చదువుకోవచ్చు. దగ్గర్లో కమ్యూనిటీ కాలేజీలో ఇండస్ట్రియల్ కంట్రోల్స్, పీఎల్‌సీ క్లాసుల్లో చేరి, అర్హత ఉంటే విద్యార్థుల ఉచిత లైసెన్స్ న్యాయంగానే తీసుకోవచ్చు. ఆ లైసెన్స్ నేర్చుకోడానికే, డబ్బు తీసుకునే పనికి వాడకూడదు. ఫీజు ఏ లెక్కన కట్టించుకుంటారో కాలేజీని ముందే అడగండి. గ్రూపుల్లో తిరిగే క్రాక్ కాపీల జోలికి మాత్రం పోవద్దు. కాలేజీ ల్యాబులో ఇంకో లాభముంది, చేత్తో వైరు బిగిస్తారు. స్క్రూ డ్రైవర్ పట్టని మనిషి గీసిన డ్రాయింగ్‌లో చెయ్యి పట్టని చోట టెర్మినల్ ఉంటుంది.

ఆ తర్వాత ఒక చిన్న యంత్రానికి పూర్తి సెట్ తయారు చేయండి: పవర్ పేజీ, కంట్రోల్ పేజీ, పీఎల్‌సీ పేజీలు, ప్యానెల్ లోపలి అమరిక, సామాన్ల జాబితా. ప్యానెల్ మీద రాయాల్సిన షార్ట్ సర్క్యూట్ కరెంట్ రేటింగ్ ఎలా లెక్కకట్టారో కూడా చూపించండి. సాధారణంగా ప్యానెల్లో అన్నిటికంటే బలహీనమైన భాగమే ఆ అంకెను తేలుస్తుంది. పది పేజీల ఆ సెట్ మీ రెజ్యూమే కంటే గట్టిగా మాట్లాడుతుంది.

జాగ్రత్తలు

"రెండు నెలల ట్రైనింగ్, ప్లేస్‌మెంట్ గ్యారంటీ, అనుభవం మేమే పెట్టిస్తాం" అనే ఫోన్లు ఐటీలో మనకి కొత్త కాదు. ఇప్పుడు ఈ రంగం పేరుతోనూ మొదలవుతున్నాయి. ఐటీలో దొంగ అనుభవం పెట్టుకుంటే ప్రోగ్రామ్ ఆగుతుంది, ఉద్యోగం పోతుంది. ఇక్కడ 480 వోల్టుల ముందు ఇంకొకరి ప్రాణం నిలబడి ఉంటుంది. మన పిల్లల వయసున్న ఎలక్ట్రీషియన్ మన డ్రాయింగ్‌ని నమ్మి ఆ తలుపు తీస్తాడు. అనుభవం లేదని చెప్పి, చిన్న జీతానికి పాత డ్రాయింగులు దిద్దే పనితో మొదలెట్టడంలో నామోషీ ఏమీ లేదు. ఎర్ర పెన్నుతో ఎలక్ట్రీషియన్లు రాసిచ్చిన మార్పుల్ని డ్రాయింగ్‌లోకి ఎక్కించడమే ఈ రంగంలో చాలామందికి మొదటి మెట్టు.

ఈఏడీ లేనివాళ్ళు ఇక్కడ పని చేయకూడదు. జీతం తీసుకోకపోయినా, మామూలుగా జీతమిచ్చి చేయించే పనైతే చిక్కే. ఇండియాలో అన్నయ్య కంపెనీకి ఇక్కడి సోఫాలో కూర్చుని గీసిస్తాననుకునేవాళ్ళు కూడా ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడగండి. కార్డున్నవాళ్ళు రెన్యువల్‌ని ఆఖరి నెలదాకా లాగొద్దు, గడువుకి 180 రోజుల ముందు నుంచే పెట్టుకోవచ్చు. ఉద్యోగమిచ్చేవాళ్ళకి కార్డు తేదీ మొదట్లోనే చెప్పేయండి.

నాకు ఆ ప్యానెల్ షాపువాళ్ళు వారానికి మూడు రోజుల పని ఇస్తామన్నారు. నా రెన్యువల్ దరఖాస్తు ఇంకా పెండింగులో ఉంది. పాత కార్డు గడువులోపు కొత్తది రాకపోతే చేరిన కొద్ది వారాలకే ఆగిపోవాల్సి రావచ్చని వాళ్ళకి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, ఉన్నన్నాళ్ళు రమ్మన్నారు. వచ్చే సోమవారం నుంచి వెళ్తున్నాను.

కార్డు ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. కోర్టులు, రూల్స్ అంతకన్నా లేవు. మధ్యాహ్నం ఆ రెండు గంటలు మాత్రం ఉన్నాయి. బీఎస్సీ ఫిజిక్స్ చదివి, ఆ పుస్తకాలు ఊళ్ళో అటక మీద వదిలేసి వచ్చినవాళ్ళు మనలో వందల్లో కాదు, వేలల్లో ఉంటారు. ఎవరికైనా ఈ దారి సరిపడుతుందనిపిస్తే, కోర్సుకి డబ్బు కట్టే ముందు ఒక తెల్లకాగితం తీసుకుని మీ నాన్నగారి పొలంలో స్టార్టర్ డబ్బా ఎలా పనిచేసేదో గీసి చూడండి. ఒక వైరు తెంపితే ఏమవుతుందో ఆలోచించడంలో గంట గడిచిపోయిందే తెలియలేదంటే, ఇది మీకు పనికొచ్చే చదువే. విసుగొస్తే ఆ డబ్బు మిగిలినట్టే.